తిరుమల కొండకు ఆ గోడ ఎక్కడిది?

తిరుపతిలో ఏ మిద్దె ఎక్కి ఉత్తరం వైపు చూసినా కొండే కనిపిస్తుంది. కింద చెట్లతో వాలుగా మొదలవుతుంది. పైకి పోయేకొద్దీ ఎర్రటి రాతి గోడ నిట్టనిలువుగా లేస్తుంది, నెత్తిన మాత్రం దాదాపు చదునుగా ఉంటుంది. అక్కడి నుంచి చంద్రగిరి డజను కిలోమీటర్ల దూరమే. కోటను ఆనుకుని ఉన్న కొండను చూస్తే తీరు పూర్తిగా వేరు. గోడ లేదు, పొరలు లేవు. ఎవరో గుండు మీద గుండు దొర్లించి పెట్టినట్టు ఉంటుంది. ఇంకాస్త ముందుకు పాకాల, చిత్తూరు, పీలేరు దారుల్లో పోతే ఇవే గుండ్ల గుట్టలు. వాన అదే, ఎండ అదే, రెండు కొండలకూ మధ్య బస్సులో అరగంట ప్రయాణం. మరి ఒకటి గోడలా నిలబడి, ఇంకొకటి గుండ్ల కుప్పగా ఎందుకు మిగిలింది?

జవాబు తిరుమల ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. రోజూ వేలమంది దాని ముందు నుంచే వెళ్తారు. ఆ సమయంలో బస్సులో వాంతి రాకుండా కళ్ళు మూసుకునేవాళ్ళు సగం, గోవిందనామాలు చెప్పేవాళ్ళు సగం కాబట్టి రాళ్ళను పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. రోడ్డు కోసం కొండను తొలిచిన చోట్ల, వాగులు కోసిన చోట్ల రెండు రకాల రాళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చున్న హద్దు కనిపిస్తుంది. కింద ఉన్నది గ్రానైటు, దాని దగ్గరి చుట్టమైన నైస్ రాయి. పైన ఉన్నది క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయి అయినది. ఈ హద్దును భూగర్భ శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. కడప, కర్నూలు ప్రాంతాల రాళ్ళను వరసబెట్టి చదివి, 1872లో పెద్ద నివేదిక రాసిన విలియం కింగ్ కూడా ఆ సంస్థ ఉద్యోగే.

ఆ హద్దులో అంత విశేషం ఏముందంటే, అక్కడ కాలం తప్పిపోయింది. కింది రాయి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటిది. పై రాయి ఏర్పడేసరికి మధ్యలో కనీసం 50 కోట్ల ఏళ్ళు గడిచిపోయాయి. అన్నేళ్ళలో అక్కడ ఏం పేరుకుందో, ఏం కొట్టుకుపోయిందో చెప్పే రాయి ఒక్కటీ మిగల్లేదు. ఇండియా వెళ్ళి ఆసియాను గుద్దుకుని హిమాలయాలు లేవడం మొదలై ఇప్పటికి దాదాపు 5 కోట్ల ఏళ్ళు. అలాంటి కాలాలు పది ఆ సన్నటి గీతలో పడతాయి. ఒక చెయ్యి కింది రాయి మీద, ఇంకో చెయ్యి పై రాయి మీద ఆనిస్తే ఆ రెండు చేతుల మధ్య ఉన్న దూరం అది.

దగ్గరికి వెళ్ళి చూస్తే తేడా పట్టడానికి చదువేమీ అక్కర్లేదు. గ్రానైటులో తెల్లవి, గులాబీవి, నల్లవి పలుకులు కలగలిసి ఉంటాయి. ఇళ్ళ గడపలకు, మెట్లకు వేసే చిత్తూరు గ్రానైటు పాలిష్ పట్టకముందు ఎలా ఉంటుందో అలా. క్వార్ట్‌జైట్‌లో ఆ రంగుల మిశ్రమం ఉండదు. అంతా ఒకే పలుకు, తెలుపు నుంచి లేత ఎరుపు వరకు, పొరలు పొరలుగా. కొన్ని పలకల మీద అలల గుర్తులు ఉంటాయి. లోతు తక్కువ నీళ్ళు ఇసుక మీద అటూ ఇటూ ఆడితే పడే ముడతలు అవి. ఒడ్డున పడిన ఆ ముడత చెరిగిపోకముందే మీద ఇంకో పొర ఇసుక పడి, అలాగే రాయి అయిపోయింది. ఇప్పుడు సముద్ర మట్టానికి 850 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఒకప్పుడు నీటి అడుగు. ఆ రాళ్ళలో గవ్వలు, చేపల ఎముకలు వెతకడం దండగ. అవి పుట్టడానికి ఇంకా వంద కోట్ల ఏళ్ళు ఉన్న రోజులవి. నేల మీద గడ్డిపోచ కూడా లేదు. బతికి ఉన్నవి కంటికి కనబడని సూక్ష్మజీవులే.

ఇప్పుడు గోడ సంగతి. గ్రానైటులో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానికి నీళ్ళు తగిలితే మెల్లగా బంకమట్టిగా మారిపోతుంది. గ్రానైటుకు నిలువుగా, అడ్డంగా పగుళ్ళు ఉంటాయి. నీళ్ళు వాటి వెంట దిగి అన్ని వైపుల నుంచీ రాతిని తింటాయి. మూలకు మూడు వైపుల నుంచి దెబ్బ, అంచుకు రెండు వైపుల నుంచి, చదునుకు ఒక్క వైపు నుంచే. సబ్బుబిళ్ళకు మూలలు ముందు అరిగినట్టు చదరపు రాయి గుండ్రంగా మారుతుంది. చుట్టూ పొడిగా మారిన మట్టి వానకు కొట్టుకుపోతే గుండ్లు మిగులుతాయి. చంద్రగిరి కోట కొండ అలా తయారైందే. ఆ గుండ్లను ఎవరూ దొర్లించలేదు, అవి ఉన్నచోటే గుండ్రపడ్డాయి.

క్వార్ట్‌జైట్‌ది మొండి రకం. అందులో ఉన్నది దాదాపు అంతా క్వార్ట్‌జ్, అంటే ఇసుక పలుకే. నీళ్ళు దాన్ని మట్టి చేయలేవు. అది అరగదు, విరుగుతుంది. కింది గ్రానైటు వాలు మెత్తబడి జారిపోతుంటే, పైనున్న గట్టి పలకకు ఆధారం తగ్గి, పగులు ఉన్న చోట నిలువుగా తెగి పడిపోతుంది. తెగిన చోట మళ్ళీ కొత్త గోడ తయారు. అందుకే కొండ ఎంత వెనక్కి తరిగినా గోడ గోడగానే ఉంటుంది. అలిపిరి మెట్ల దారిలో నడిచినవాళ్ళకు కాళ్ళే ఈ విషయం చెప్పి ఉంటాయి. మొత్తం 3,550 మెట్లలో మనిషిని పిండేసేది గాలిగోపురం దాకా ఉన్న మొదటి భాగం. అక్కడికి చేరితే కొండ అంచు ఎక్కేసినట్టే. తర్వాత మోకాళ్ళ మెట్టు వచ్చేదాకా చాలా దూరం నడక సులువే, ఎందుకంటే అక్కడి నుంచి నడిచేది పొరల పైభాగం మీద.

ఈ మొండి రాయి కూడా కొన్నిచోట్ల లొంగింది. శ్రీవారి ఆలయానికి కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం దగ్గర ఉన్న శిలాతోరణం అందుకు సాక్ష్యం. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. గట్టి పొరల మధ్య కాస్త మెత్తటి పొరలు ఉంటే గాలి, నీళ్ళు వాటిని ముందు తినేశాయి, పైనా పక్కనా గట్టివి మిగిలాయి. ఇదీ జాతీయ భూగర్భ స్మారకమే. ఇప్పుడు చుట్టూ కంచె వేసి తోట పెంచారు. ఫోటో దిగే హడావిడిలో దాని పక్కనే రాతిలో ఉన్న పొరలను చూసేవాళ్ళు తక్కువ. నిజానికి తోరణం కథంతా ఆ పొరల్లోనే ఉంది.

ఈ క్వార్ట్‌జైట్‌కు శాస్త్రవేత్తలు నగరి పేరు పెట్టారు, చిత్తూరు జిల్లా నగరి. అక్కడ కొండ కొస ముక్కులా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు నగరి నోస్ అన్నారు. మద్రాసు తీరానికి వచ్చే ఓడలకు సముద్రం మీది నుంచి అదొక గుర్తు. గుండ్ల గుట్ట అయితే అంత దూరం నుంచి ఒకదానికొకటి తేడా తెలియదు. తెగిపడిన క్వార్ట్‌జైట్ అంచు కాబట్టే ఆకాశం మీద అంత స్పష్టంగా గీత గీసినట్టు కనిపించేది.

భూమ్మీద నిలిచిన గోడ జనం లెక్కల్లోకి కూడా వస్తుంది. పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పీఠికలో తమిళం మాట్లాడే నేలకు ఉత్తరాన వేంకటం, దక్షిణాన కుమరి హద్దులని చెప్పారు. ఆ వేంకటం ఈ కొండే. రాళ్ళు మారే హద్దు మీదే భాష మారే హద్దు కూడా పడటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. దాటడానికి కష్టమైన చోటే ఎవరైనా హద్దు పెడతారు. పైగా ఈ కొండల వరస ఇక్కడితో ఆగదు. కృష్ణ ఒడ్డు నుంచి నల్లమలగా మొదలై, విల్లులా వంగుతూ వచ్చి శేషాచలంతో కలుస్తుంది. శ్రీశైలం ఆదిశేషుడి తోక, అహోబిలం నడుము, తిరుమల పడగ అని పెద్దవాళ్ళు చెప్పే మాట వినని ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. మ్యాపు, శాటిలైట్ ఫోటో ఏవీ లేని రోజుల్లో వందల కిలోమీటర్ల పొడవున్న కొండలను ఒకే శరీరంగా గుర్తుపట్టడం మాటలు కాదు. భూగర్భ శాస్త్రం దీన్ని కడప బేసిన్ అంటుంది. దాదాపు 44,000 చదరపు కిలోమీటర్ల నెలవంక ఆకారపు గుంట, ఒకప్పుడు నీళ్ళు నిండి, ఇసుక, బురద, సున్నం పేరుకుని రాళ్ళయినది. వంటింటి గట్టుకు వేసే నల్లటి కడప బండ కూడా ఆ గుంటలో పేరుకున్న సున్నపురాయే. శ్రీవారి కొండ రాయి, ఇంట్లో కూరగాయలు తరిగే చోటున్న బండ ఒకే కుటుంబం.

నీళ్ళ సంగతికి వస్తే హద్దు గీత ఇంకా బాగా పనిచేస్తుంది. క్వార్ట్‌జైట్ పలుకు నీళ్ళు పీల్చదు, కానీ దాని నిండా పగుళ్ళే. కొండ మీద పడిన వాన ఆ పగుళ్ళలో దిగి, కింద దారి మూసుకుపోయిన చోట పక్కకు తిరిగి గోడలోంచి బయటికి వస్తుంది. వాన ఆగిన వారాల తర్వాత కూడా రాతి సందుల్లోంచి నీళ్ళు కారడానికి కారణం ఇదే. ఎండాకాలంలో నేల నెర్రెలు విచ్చే సీమలో, కొండ గోడలోంచి చల్లటి నీళ్ళు వస్తుంటే దానికి తీర్థం అని పేరు పెట్టి దండం పెట్టకుండా ఎవరుంటారు? తుంబురు తీర్థానికి ఏటా ఫాల్గుణ పౌర్ణమికి ముక్కోటి జరుగుతుంది. అడవిలో నడిచి వెళ్ళినవాళ్ళకు చివర్లో కొండ రెండుగా చీలినట్టు కనిపిస్తుంది. రెండు వైపులా నిలువు గోడలు, మధ్యలో నీళ్ళు. పగులు వెంట నీళ్ళు కోసుకుంటూ పోతే క్వార్ట్‌జైట్‌లో తయారయ్యేది సరిగ్గా ఇలాంటి సందే. వెడల్పాటి లోయ కాదు.

కానీ తీర్థాన్ని ఇచ్చే పగులే బండను కూడా కిందికి తోస్తుంది. తిరుపతికి వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలది. బంగాళాఖాతం మీది నుంచి వచ్చే తడిగాలికి మొదట తగిలే ఎత్తైన అడ్డు ఈ కొండలే. 2021 నవంబరులో వాయుగుండం వానకు కపిలతీర్థం జలపాతం ఎప్పుడూ చూడని రూపం చూపించింది. నగరం వీధులు వాగులయ్యాయి. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూతపడింది. వానలు తెరిపిచ్చాక, డిసెంబరు 1న, రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడ్డాయి. వాన ఆగాక పడటమేమిటని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. పగుళ్ళలో నిండిన నీళ్ళు బండను వెనక నుంచి తోస్తూనే ఉంటాయి, సందుల్లో ఉన్న మట్టిని కడిగేస్తూ ఉంటాయి. ఆ పట్టు చివరికి వదిలేది వాన వెలిసిన వారానికైనా కావచ్చు. కాబట్టి ఘాట్ రోడ్డు టెన్షన్ వానతోనే పోదు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పుకోవలసింది ఎర్రచందనం గురించి. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అందులోనూ శేషాచలం, వెలికొండ, వాటి చుట్టుపక్కల కొండలే దాని అసలు ఇల్లు. క్వార్ట్‌జైట్ విరిగితే మంచి మట్టి ఏర్పడదు. పలుచటి, గులకరాళ్ళ నేల, నీళ్ళు నిలవవు, పోషకాలు తక్కువ. వేరే చెట్లు మొహం చాటేసే ఆ నేలలో ఎర్రచందనం తాపీగా పెరుగుతుంది. బెరడు నల్లగా చిన్న చిన్న చతురస్రపు పలకలుగా పగిలి ఉంటుంది. గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. ఒక్కో రెమ్మకు ఎక్కువగా మూడేసి ఆకులు, పసుపు పూలు, గుండ్రటి కాయ చుట్టూ గాలికి ఎగరడానికి రెక్క. లోపలి చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ చేవ ఎంత బరువంటే నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది.

పేరులో చందనం ఉన్నా దీనికి వాసన లేదు. తెల్ల చందనంతో చుట్టరికమూ లేదు. ఎర్రచందనం చిక్కుడు, చింత ఉన్న పెద్ద కుటుంబంలోది. గంధపు చెట్టు వేరే కుటుంబం, పైగా పక్క చెట్ల వేళ్ళ నుంచి ఆహారం లాక్కునే రకం. ఎర్రచందనం విలువంతా రంగులో ఉంది. ఆ రంగుకు కారణమైన శాంటలిన్ అనే పదార్థానికి ఒక చిత్రమైన గుణం ఉంది. అది నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. చేవ పొట్టును నీళ్ళలో వేస్తే రంగు పెద్దగా దిగదు, స్పిరిట్‌లో వేస్తే రక్తంలా ఎర్రబడుతుంది. మరి చెక్కను సానరాయి మీద అరగదీస్తే ఎర్రటి గంధం వస్తుంది కదా అంటే, అక్కడ రంగు కరగడం లేదు, మెత్తటి పొడిగా మారి నీళ్ళలో తేలుతోంది. మధ్యయుగాల్లో యూరప్ వంటవాళ్ళు పదార్థాలకు ఎర్రరంగు రావడానికి ఈ చెక్క పొడినే వాడేవాళ్ళు. అద్దకాలకూ అది పోయింది. తిరుపతిలో దానితో మరపాచి బొమ్మలు చేస్తారు. పెళ్ళిళ్ళలో కొత్త జంటకు ఇస్తారు, దసరాకు బొమ్మల కొలువులో మొదటి చోటు ఆ జంట బొమ్మలదే.

ఇప్పుడు దీన్ని దొంగతనంగా నరికి తరలించడం వెనుక ఉన్నది చైనాలో పాత రాజుల కాలం నాటి ఫ్యాషన్ ఫర్నిచరు మోజు, జపాన్‌లో షామిసెన్ అనే తీగ వాయిద్యం తయారీ. పోగులు అలలుగా తిరిగిన దుంగకు ధర ఎక్కువ. ఇదేదో అణు రియాక్టర్లలో రేడియేషన్ ఆపడానికి వాడతారని టీ కొట్ల దగ్గర గట్టిగా చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. రేడియేషన్ ఆపడానికి సీసం, కాంక్రీటు, నీళ్ళు చాలు, అవి చవక కూడా. ఇంత ధర ఎందుకో అర్థంకానప్పుడు పుట్టే కథ అది. వస్తువు మర్మమైనది అయితే తప్ప అంత రేటు పలకదని నమ్మడం తేలిక. అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో జాబితాలో ఈ చెట్టును 1995లో చేర్చారు. 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు అయింది, విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు.

ఆ కొండల్లోనే రాతి పగుళ్ళను ఇల్లు చేసుకున్న ఇంకో జీవి ఉంది. బంగారు బల్లి అనగానే ఇక్కడివాళ్ళకు గుర్తొచ్చేది కంచి వరదరాజస్వామి గుడిలో తాకి వచ్చే లోహపు బల్లి. శేషాచలంలో ఉన్నది ప్రాణమున్నది. 1870లో రిచర్డ్ బెడ్డోమ్ అనే అధికారి దీన్ని తిరుపతి కొండల నుంచే శాస్త్రానికి పరిచయం చేశాడు. వృత్తికి అడవుల శాఖ, మనసుకు చెట్లు, పాములు. ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని సైకాస్ బెడ్డోమై మొక్క పేరులో ఉన్నదీ ఆయనే. బెడ్డోమ్ తర్వాత వందేళ్ళకు పైగా ఆ బల్లి జాడ శాస్త్రవేత్తలకు దొరకలేదు, 1980లలో తిరుమల కొండల్లోనే మళ్ళీ దొరికింది. మగదానికి పసుపు మెరుపు. రాత్రిపూట తిరుగుతుంది. వాగుల పక్కన, చల్లగా తడిగా ఉండే బండల సందుల్లో పైకప్పుకు గుడ్లు అంటిస్తుంది. చాలా ఆడబల్లులు ఒకేచోట అంటిస్తాయి కాబట్టి కొన్ని సందుల్లో రాతికి తెల్లటి పెంకులు వందల్లో కనిపిస్తాయి, పాతవాటి పక్కనే కొత్తవి.

తర్వాత వెతికితే తూర్పు కనుమల్లో ఇతర చోట్ల కూడా, ఒడిశా దాకా, దొరికింది. అంటే అది మాయమైందేమీ కాదు, రాత్రిపూట వాగుల పక్కన టార్చి పట్టుకుని బండల కిందికి దూరి చూసినవాళ్ళే లేరు. ఆ జాతిలో రెండే రకాల బల్లులు ఉన్నాయి. ఒకటి ఇక్కడ తూర్పు కనుమల్లో, రెండోది శ్రీలంకలో. అదీ అక్కడి గుహల్లో, పెద్ద బండల మధ్యనే బతుకుతుంది. సముద్ర మట్టం ఇప్పటికంటే చాలా కిందికి దిగిన కాలాల్లో ఇండియాకూ శ్రీలంకకూ మధ్య నేల తేలి ఉండేది. అప్పుడు రెండు వైపులా ఉన్న ఈ బల్లుల పూర్వీకులు, నీళ్ళు తిరిగి వచ్చాక ఎవరి బండల్లో వాళ్ళు మిగిలిపోయి వేరు వేరు రకాలై ఉండవచ్చు.